మంద నడుమ జాగా

అక్క ఫోన్ చేసి మందను అమ్మేసినట్టు చెప్పింది.

"బేరం కుదిరింది తమ్మీ. ఎల్లుండి తెల్లారంగ లారీ వస్తది. నువ్వు రేపే రావాలె."

గొర్రెల బేరంలో నా అవసరం ఏముంది? మా ఇంట్లో గొర్రెల వెంట పోకుండా బడికి పోయినవాణ్ణి నేనొక్కణ్ణే. మహబూబ్‌నగర్‌లో కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. పొట్టేలు పండ్లు చూసి వయసు చెప్పడం ఇప్పటికీ రాదు. ఆ మాటే అన్నాను.

"గొర్ల కోసం కాదు. మీ బావ కోసం" అన్నది అక్క.

బావను మట్టిచేసి అప్పటికి నాలుగేళ్ళు.

మర్నాడు మొదటి బస్సుకే బయలుదేరి కొత్తకోటలో దిగాను. ఇంకా తెల్లవారుతూనే ఉంది. హైవే పక్క చాయ్ హోటల్లో టీవీ పెట్టారు. ఆస్ట్రేలియాలో టెస్టు. అక్కడ మంచి ఎండ. తెల్ల బట్టల మనుషులు, వాళ్ళ వెనక వాళ్ళ నీడలు. ఇక్కడ మఫ్లర్లు కట్టుకున్న డ్రైవర్లు గ్లాసులు రెండు చేతుల్లో పట్టుకొని ఆ ఎండకేసి చూస్తున్నారు. చలికాలం పొద్దున ఆ దేశపు ఎండ కనబడితే నాకు బావ వెనకనే నిలబడ్డట్టుంటుంది. చాయ్ సగంలో వదిలి ఆటో ఎక్కాను.

బావ చాలా పొడుగు మనిషి. కర్రను నేలకు ఆనించి, దాని మీద గడ్డం పెట్టి, ఒక కాలు మడిచి రెండో మోకాలికి ఆనించి నిలబడేవాడు. చేతిలో పని లేనప్పుడు ఆయన్ను వేరే తీరుగా నేనెప్పుడూ చూడలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకునేవాడు కాదు. గొంగడి మడతలో, ఛాతీ మీద పెట్టుకొని క్రికెట్ కామెంటరీ వినేవాడు. దూరం నుంచి చూస్తే ఆయన గుండెలో ఎవరో హిందీలో గొణుగుతున్నట్టుండేది. హిందీ, క్రికెట్ రెండూ బొంబాయిలో నేర్చుకున్నాడు. వయసులో ఉన్నప్పుడు మా దిక్కు నుంచి కూలికి పోయిన వందల మందితోపాటు ఆయనా పోయి, అక్కడ కట్టడాల మీద ఇటుకలు మోశాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒక రేడియో తెచ్చాడు. అది పాడయ్యాక ఫోను వచ్చింది.

టెస్టు మ్యాచులు తప్ప వేరేవి వినడు. ఊళ్ళో పిల్లలు ఒక్కపూట ఆటల గురించి చెప్తే పెదవి విరిచేవాడు.

"గదొక ఆటనారా? పెండ్లి బువ్వ లెక్క. తిన్నమా, చెయ్యి కడుక్కున్నమా. ఐదొద్దులు ఆడి, ఆఖరికి ఎవలు గెలువక ఎవలింటికి వాల్లు పోతరు సూడు, గది ఆట."

ఆయనకు ఒక అలవాటుంది. ఎంత మంచి మ్యాచ్ అయినా చివరి దాకా వినడు. నాలుగు రోజులు ఒక్క బంతి వదలకుండా విన్నవాడు, ఐదో రోజు ఫలితం తేలే వేళకు ఫోన్ బంద్ చేసి జేబులో వేసుకొని గొర్రెలను మళ్ళేసుకొని పోయేవాడు. ఎవరు గెలిచారో అడగడు. ఎవరైనా చెప్పబోతే చెవుల మీదికి గొంగడి లాక్కొని గట్టిగా "హుర్ర్ర్, హుర్ర్ర్" అని అరిచేవాడు. అది మందను పిలిచే అరుపు. పాపం గొర్రెలు మేత వదిలి ఉరికి వచ్చేవి. ఊరి పిల్లలకు ఇదొక వేడుక.

"మామా! ఇండియా..."

"హుర్ర్ర్!"

"ఇండియా గెల్సె..."

"హుర్ర్ర్! నీ నోట్ల మన్ను వొయ్య, హుర్ర్ర్!"

ఇంట్లో అక్క కాపలా. మ్యాచ్ అయిపోయిన రోజు ఎవరైనా వస్తే వాకిట్లోనే నిలబెట్టి, "లోపటికి రా గని ఆట ముచ్చట తియ్యకు" అని చెప్పి పంపేది. ఆమెకు క్రికెట్ తెలియదు. ఎక్కడ నోరు మూయించాలో మాత్రం బాగా తెలుసు. నాకిది ముసలితనపు చాదస్తంలా అనిపించేది, తెలంగాణ వచ్చిన మరుసటేడు ఒక సాయంత్రం ఆయనతో గుట్ట దిక్కు పోయేదాకా.

పొద్దుగూకుతోంది. గొర్రెలు వాలు మీద మెల్లగా దిగుతున్నాయి. బావ కర్ర మీద గడ్డం పెట్టుకొని, ఎక్కడో చూస్తూ అన్నాడు:

"ఇంక పదిహేడు కావాలె బామ్మర్ది. మూడు వికెట్లున్నయి."

"ఏ మ్యాచ్ బావా?"

"మద్రాసుల. పాకిస్తానోల్లతోని."

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత తట్టింది. పాకిస్తాన్ జట్టు చాలా ఏండ్ల తర్వాత వచ్చి ఆడిన సిరీస్ అది. మద్రాసులో గెలుపు ముంగిట్లోకి వచ్చి, చివరి మూడు వికెట్లు గబగబా పోయి పన్నెండు పరుగులతో ఓడిపోయాం. దేశమంతా చావింట్లో ఉన్నట్టు కూర్చున్నది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. అప్పటికి ఆ మాటకు పదహారేళ్ళు.

"ఆడుతనే ఉన్నరు" అన్నాడు బావ. ఆయన గొంతులో వేళాకోళం లేదు. "ఎండ మస్తుగున్నది ఆడ. పాపం, అందరు చెమటతోని నిలబడ్డరు."

గుట్ట మీద గాలి ఆగింది. ఆ మ్యాచ్ ఎట్లా ముగిసిందో తెలిసినవాణ్ణి నేను. కానీ ఆ పూట మద్రాసులో ఇంకా పొద్దుగూకలేదని, బ్యాట్ పట్టుకొని ఇద్దరు, చుట్టూ తక్కినవాళ్ళు బంతి కోసం చూస్తూ నిలబడే ఉన్నారని నాకూ అనిపించింది. అదొక్కటే కాదు. ఆయన వినడం ఆపేసిన ప్రతి మ్యాచ్ ఎక్కడో నడుస్తూనే ఉంది. వాళ్ళెవరూ ఇంటికి పోలేదు.

"ఎందుకు బావా, చివరిది వినవు?"

గొర్రెలు దొడ్డి దగ్గరికి చేరాక చెప్పాడు. బొంబాయిలో ఆయనతో మా ఊరివాడే ఒకడు పనిచేసేవాడు. ఒకే గుడిసె, ఒకే పళ్ళెం. ఒకనాడు ఇద్దరూ ఎత్తయిన పరంజా మీద ఉన్నారు. కింద మేస్త్రీ రేడియోలో మ్యాచ్ నడుస్తోంది. మనం గెలిచాం. కట్టడం మీదున్న కూలీలందరూ ఒక్కసారి అరిచారు.

"వాడు సంబరంతోని రెండు చేతులు లేపిండు" అన్నాడు బావ. "పరంజా మీద రెండు చేతులు లేపేదుంటదా బామ్మర్ది?"

బావ దొడ్డి తడిక జరిపి మూశాడు.

"ఆట నడిచినంత సేపు ఎవ్వలు పోరు. ఒడిసినప్పుడే పోతరు. ఆ ఆఖరి సప్పుడు నాకొద్దు."

మంద మధ్యలో పడుకోవడం ఆయనకు మొదటి నుంచీ ఉన్న అలవాటు. రైతుల చేలల్లో ఎరువు కోసం మంద పెట్టినా, ఇంటి పక్క దొడ్డిలో కట్టేసినా, సరిగ్గా నడుమ గొంగడి కప్పుకొని పడుకునేవాడు. గొర్రెలు చలికి ఒకదానికొకటి ఒత్తుకొని పడుకుంటాయి. ఆయన చుట్టూ కూడా అట్లాగే ఒత్తుకునేవి. పొద్దున ఆయన లేచిపోయిన కాసేపటికి వచ్చి చూస్తే, ఉన్నిలో కోసి తీసినట్టు ఒక మనిషి పొడుగు ఖాళీ కనబడేది. కొద్దిసేపట్లోనే గొర్రెలు మెదిలి అది పూడిపోయేది.

కరోనా వచ్చిన ఏడు దీపావళి నుంచి బావకు ఊపిరాడని దమ్ము మొదలైంది. దవాఖానలో నాలుగు రోజులుండి వచ్చాడు. ఆ చలికాలమే మనవాళ్ళు ఆస్ట్రేలియా పోయారు. మొదటి టెస్టులో ముప్పై ఆరు పరుగులకు కుప్పకూలిన రోజు నేను ఫోన్ చేస్తే, దగ్గుతూనే నవ్వాడు.

"మా గొర్లే నయం బామ్మర్ది. వరుసల పోయినా జర మెల్లగ పోతయి."

తర్వాత ఒక్కొక్క ఆటగాడూ దెబ్బ తగిలి కూలబడుతుంటే ఆయనకు ఆ జట్టు మీద ప్రేమ పెరిగింది. "కుంటి గొర్లతోనే మంద తోలుతున్నరు" అనేవాడు. మూడో టెస్టు చివరి రోజు నడవలేనివాళ్ళు ఇద్దరు గంటలకొద్దీ నిలబడి మ్యాచ్‌ను ఎవరూ గెలవకుండా ఆపారు. ఆ ఒక్క మ్యాచ్‌ను బావ చివరి బంతి దాకా విన్నాడు. ఎవరూ గెలవని ఆటకు ఆఖరి సప్పుడు ఉండదు కదా. ఆ పూట దమ్ము రాలేదు, రొట్టె అడిగి పెట్టించుకున్నాడు అని అక్క చెప్పింది. "గిట్లనే ఎవలు గెలువకుండ ఆడితె మంచిగుండు తమ్మీ" అన్నది. ఆమె ఆశంతా దేని మీదికి చేరిందో అప్పుడు నాకు తెలిసింది.

నాలుగో టెస్టు ఆఖరి రోజుకు నేను ఊళ్ళో ఉన్నాను. బావను నులకమంచంతో సహా ఎండలోకి తెచ్చారు. ఛాతీ మీద ఫోను. ఊపిరికీ ఊపిరికీ మధ్య కామెంటరీ వినబడుతోంది. ముప్పై ఏండ్లకు పైగా ఎవరూ ఆ మైదానంలో ఆస్ట్రేలియాను ఓడించలేదు. మనవాళ్ళు ఆ పని చేసేట్టున్నారు. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి ఇంకో యాభై పరుగులు కావాలి. బావ మామూలుగా ఆపేసే వేళ దాటిపోయింది. ఆపలేదు. అక్క గడపలో చేట పట్టుకొని నిలబడి, చెరగడం మరిచిపోయి ఆయన్నే చూస్తోంది.

చివరికి ఆయన వేలు కదిలింది. ఫోన్ మూగబోయింది.

"ఇయ్యాల ఒక్కనాడు వినరాదు బావా" అన్నాను. "గెలిచేటట్టున్నం."

"నువ్వు పోయి విను. దూరం పోయి విను. మల్లొచ్చి నాకు చెప్పకు."

దొడ్డి వెనకకు పోయి నా ఫోన్లో చూశాను. ఆఖరి బంతి నేరుగా హద్దు దాటింది. గెలిచాం. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముఖం కడుక్కొని, మామూలుగా ఉండేట్టు చేసుకొని వచ్చాను. నేను మలుపు తిరుగుతుండగానే బావ గొంగడి ముఖం మీదికి లాక్కున్నాడు.

"మొఖం అటు తిప్పు బామ్మర్ది" అన్నాడు లోపలి నుంచి.

అటు తిప్పుకొనే కూర్చున్నాను. ఆయన గొంగడి కింద నుంచి, ఈనబోయే గొర్రె గురించి అక్కకు ఏవో చెప్తున్నాడు. దీపాలు పెట్టేవేళకు ఆ మాటలు ఆగాయి.

మా దిక్కు మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, మట్టిచేసిన చోట ఉంచి, దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలి, ఇంకా కదల్లేదని. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకు వచ్చి, ఆ కోరిక ఇదేనేమో అని, తీరుస్తామని మాట ఇస్తారు.

బావను మట్టిచేసిన చెల్క గట్టున విస్తరి పెట్టాం. బోటి కూర, జొన్నరొట్టె, కల్లు, బీడీ కట్ట. ఒక కాకి వచ్చి తుమ్మచెట్టు మీద కూర్చున్నది. దిగలేదు. విస్తరి దిక్కు కాకుండా మా దిక్కు చూస్తోంది.

"నీ బిడ్డను మంచిగ అర్సుకుంటం తమ్మీ, రా" అన్నాడు పెద్దబావ, బావ వాళ్ళ అన్న.

"గొర్లను అమ్మం, రా" అన్నారెవరో.

కాకి కదల్లేదు. ఎండ ఎక్కుతోంది. కూర మీద ఈగలు వాలుతున్నాయి. అప్పుడు పెద్దబావ నా దిక్కు తిరిగాడు.

"ఆట ఏమైందో చెప్పు పంతులూ. గదే కావొచ్చు. వినకుంటనే పాయె."

అందరూ నన్నే చూశారు. ఇట్లాంటివి నేను నమ్మను. అయినా నోరు తెరిచాను. ఒక్క మాటే కదా. వెనక నుంచి అక్క వచ్చి నా మూతి మీద అరచేయి పెట్టింది. ఆ చేయి మసాలా వాసన వస్తోంది.

"చెప్పకు" అన్నది.

"ఏందమ్మా గది?" పెద్దబావకు కోపం వచ్చింది. "పిట్ట ముట్టాల్నా వద్దా? వాడు పోవాల్నా వద్దా?"

"ముట్టకుంటె ముట్టకపాయె. ఆయన ఇననంటడు. మీరు బలిమిటికి ఇనిపిస్తరా?"

"మరి గిట్లనే ఉంటడా?"

"ఉండనీ" అన్నది అక్క. "ఉంటె మీకేం తక్లీఫు?"

విస్తరి అట్లాగే వదిలి ఇంటికి వచ్చాం. నేను వెనక్కి తిరిగి చూస్తే కాకి ఇంకా చెట్టు మీదే ఉంది.

దినాలు అయిపోయాక, నేను తిరిగి పోయే రోజు పొద్దున, అక్క నన్ను దొడ్డి దగ్గరికి తీసుకుపోయింది. మంచు. గొర్రెలు ఒత్తుకొని పడుకున్నాయి. నడుమ, ఉన్నిలో కోసి తీసినట్టు, ఒక మనిషి పొడుగు ఖాళీ.

"పూడదు" అన్నది అక్క. ఆమె ముఖంలో భయం లేదు. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినదానిలా నెమ్మదిగా ఉంది.

కింద రాయి ఉందేమో, తడి ఉందేమో అన్నాను. ఆమె వాదించలేదు. ఆ తర్వాతి నాలుగేళ్ళలో మందను ఎన్నో చేలల్లో పెట్టింది. ఎక్కడ పెట్టినా నడుమ ఆ జాగా ఉన్నదని ఫోన్లో చెప్పేది. బావను చూసిన గొర్రెలు చాలావరకు ముసలివై పోయాయి. ఆయన పోయాక పుట్టినవి, ఆయన వాసన కూడా ఎరగనివి, తల్లులై పిల్లలను పెట్టాయి. అవీ ఆ జాగాను వదిలే పడుకుంటున్నాయి. అక్క రోజూ పొద్దున లేచి చూసి, చూశాక చాయ్ పెట్టుకునేది. టీవీ కనెక్షన్ తీయించింది. ఎవరైనా క్రికెట్ ఎత్తితే లేచిపోయేది. ఆ మ్యాచ్ ఏమైందో తనకూ తెలియకుండా కాపాడుకున్నది.

ఇప్పుడు ఆమెకు మోకాళ్ళలో పట్టు లేదు. నారాయణపేటలో ఉన్న బిడ్డ, మగ్గాల పక్కన ఒక గది ఉంది, వచ్చి ఉండమంటోంది. మంద అమ్మక తప్పలేదు.

నేను చేరిన రోజంతా అక్క ఆ ఊసే ఎత్తలేదు. మర్నాడు వెలుగు రాకముందే లేపింది. ఇద్దరం దొడ్డి తడిక దగ్గర నిలబడ్డాం. నేను చూశాను. జాగా అట్లాగే ఉంది. ఈసారి రాయి అని గానీ తడి అని గానీ అనలేదు.

"మంద లారీ ఎక్కితె ఆయన ఏం జేస్తడు తమ్మీ?" అన్నది. "వీటి నడుమ్మనె ఎక్కి పట్నం కసాయోని దుకాణం దాక పోతడా? లేకుంటె గీ ఖాళీ దొడ్డిల ఒక్కడే పంటడా? సలి గదా."

ఆమె నా దిక్కు తిరిగింది.

"ఏమైందో చెప్పు ఇగ. నాకు చెప్పు. ఆయనకు నేను చెప్త."

"అక్కా, ఆ మైదానంలో ముప్పై ఏండ్ల నుంచి వాళ్ళను ఎవరూ..."

"గదంత నాకెందుకు? గెలిచిన్రా, ఓడిన్రా?"

"గెలిచినం."

ఆమె తడిక జరిపి, గొర్రెలను మోకాళ్ళతో మెల్లగా తోసుకుంటూ నడుమకు పోయింది. ఆ జాగా అంచున, దాన్ని తొక్కకుండా కూర్చున్నది. మంచం పక్కన కూర్చున్నట్టు.

"ఇగో, ఇంటున్నవా?" అన్నది. "మనోల్లు గెలిచిన్రంట. నువ్వు బందు జేసినంక జర సేపే ఆడిన్రంట. ఇగ ఆడ ఎవ్వలు ఆడుతలేరు. ఎండ గూడ పోయింది. అందరు ఇండ్లకు పోయిన్రు."

హైవే దిక్కు లారీ గేరు మార్చిన చప్పుడు వచ్చింది. దొడ్డిలో ఒక ముసలి గొర్రె తలెత్తింది. లేచి ఒళ్ళు దులుపుకొని, రెండడుగులు వేసి, ఆ ఖాళీలో పడుకున్నది. దాని వెనకే ఇంకొకటి జరిగింది. తర్వాత అటు పక్కవి. చూస్తుండగానే ఉన్ని ఉన్నికి తగిలి, నడుమ ఏమీ లేకుండా పోయింది.

అక్క చేయి ఇంకా అటే చాచి ఉంది. ఆ చేతి కిందికి ఒక గొర్రె వచ్చి ఒత్తుకున్నది.

"జర సేపన్న ఆగుతడనుకున్న తమ్మీ" అన్నది.